24 గంటల చెకౌట్ లాడ్జికి ఏ బుకింగ్ సిస్టమ్ సరిపోతుంది?

సంపాదకుల వారికి,

నమస్కారం.

చిన్న వ్యాపారులు ఆన్‌లైన్ బుకింగ్‌కు మారాలని సలహా ఇస్తూ ఇటీవల మీ వాణిజ్య పేజీలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మారాలన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే సిస్టమ్‌ను ఎంచుకోవడానికి వ్యాసకర్త చెప్పిన కొలతలు రెండే: నెలకు చందా ఎంత, సదుపాయాలు ఎన్ని. అన్నవరంలో కొండ దిగువన 14 గదుల లాడ్జిని మా నాన్నగారి తర్వాత పందొమ్మిదేళ్లుగా నడుపుతున్న నేను సరిగ్గా ఈ రెండు కొలతలతోనే మొదటి సిస్టమ్‌ను కొని, ఏడాది తిరగకుండా వదిలేసి, రెండోదాన్ని వేరే కొలతలతో ఎంచుకున్నాను. ఆ అనుభవం నాలాంటి లాడ్జీలవాళ్లకూ, విడిది ఇళ్లూ చిన్న ఫంక్షన్ హాళ్లూ నడిపేవాళ్లకూ పనికొస్తుందన్న ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా కౌంటరులో ఒక నల్ల అట్ట డైరీ ఉంటుంది. అందులో రాసే పద్ధతి నాన్నగారు పెట్టింది. ఫోనులో గది అడిగినవాళ్ల పేరు పెన్సిలుతో రాస్తాం. అడ్వాన్సు ముట్టిన రోజున అదే పేరు మీద నీలి సిరా దిద్దుతాం. పెళ్లివారి విడిది అయితే ఎర్ర సిరాతో గదులన్నిటికీ కలిపి ఒక బ్రాకెట్టు గీస్తాం. పేరు పక్కన ‘తె’ అని ఉంటే తెల్లవారుజామున రైలు దిగుతారని, ‘కిం’ అని ఉంటే మెట్లెక్కలేని పెద్దవాళ్లున్నారు గనుక కింది అంతస్తే ఇవ్వాలని గుర్తు. ఈ నాలుగైదు గుర్తుల్లోనే మా వ్యాపారమంతా ఉంది. నాకు సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చిన ముగ్గురిలో ఒక్కరూ ఆ డైరీని చూపించమని అడగలేదు. చూపించాలన్న బుద్ధి నాకూ పుట్టలేదు, ఆ తప్పు నాదే.

మొదటి సిస్టమ్‌తో వచ్చిన చిక్కు చెకౌట్ దగ్గర మొదలైంది. మా ఊళ్లో లాడ్జీలు చాలావరకు 24 గంటల లెక్కన నడుస్తాయి; గది తీసుకున్న వేళ నుంచి మర్నాడు అదే వేళ వరకు ఒక రోజు. విశాఖపట్నం, విజయవాడల మధ్య రైలు మార్గంలో ఉన్న ఊరు గనుక యాత్రికులు రాత్రి రెండింటికీ వస్తారు, తెల్లవారి నాలుగింటికీ వస్తారు. వచ్చీరాగానే తలస్నానాలు చేసి, పొద్దున్నే కొండెక్కి, వ్రతం చేసుకుని, ప్రసాదం పట్టుకుని దిగి, మధ్యాహ్నం ఓ కునుకు తీసి, సాయంత్రం బండికి వెళ్లిపోతారు. నేను కొన్న సిస్టమ్‌కు రోజు మధ్యాహ్నం 12 గంటలకు మొదలై మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకు ముగుస్తుంది. కాబట్టి శనివారం తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకు దిగినవాళ్లను శుక్రవారం రాత్రి ఖాతాలో వేయాలి. అలా వేస్తే, వాళ్లు గదిలో ఉండగానే, శనివారం మధ్యాహ్నం 12 కొట్టగానే ఆ గది ఖాళీ అయిపోయినట్టు సిస్టమ్ చూపిస్తుంది.

2024 కార్తీకంలో ఒక శనివారం అదే జరిగింది. తణుకు నుంచి వచ్చిన కుటుంబం 107లో దిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకు శ్రీకాకుళం వైపు నుంచి ఇంకో కుటుంబం ఫోనులో బుకింగ్ చూపిస్తూ కౌంటరు ముందు నిలబడింది. వాళ్లకు సిస్టమ్ ఇచ్చిన గది కూడా 107. పైకి వెళ్లి చూస్తే వరండా దండెం మీద తడి పట్టుపంచెలు ఆరుతున్నాయి, తలుపు ఓరగా తీసి ఉంది, లోపల ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. నేను కిందికి దిగి వచ్చేసరికి ఆ రెండో పెద్దాయన గొంతు పెంచకుండానే, “డబ్బు కట్టాం కదండీ, మరి గదేదండీ?” అన్నారు. మిగతా పదమూడు గదులూ నిండి ఉన్నాయి. పక్క లాడ్జి యజమానిని బతిమాలి వాళ్లకు అక్కడ గది ఇప్పించి, పైన పడిన 900 రూపాయలు నేనే కట్టాను. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోను చేస్తే, చెకిన్ వేళను మధ్యాహ్నానికి మార్చుకోండి సార్, అందరూ అలాగే చేస్తున్నారు అని సలహా ఇచ్చారు. నేను మార్చుకోగలను, రైల్వేవాళ్ల టైంటేబులును ఎవరు మారుస్తారు?

అందుకే ఇప్పుడు నన్నెవరైనా ఏ సిస్టమ్ మంచిదని అడిగితే పేరు చెప్పను. మీ పాత డైరీలో అన్నిటికంటే ఎక్కువ తొక్కిసలాట జరిగిన వారాన్ని తీసి, ఉచితంగా వాడి చూడమని ఇచ్చే పదిహేను రోజుల్లో ఆ వారమంతటినీ పేరు పేరునా కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించి చూడండి అని చెబుతాను. రెండోసారి నేను చేసిన పని అదే. కార్తీక పౌర్ణమి, గిరి ప్రదక్షిణ ఉన్న వారాన్ని తీసుకున్నాను. ఒక సిస్టమ్ రెండో రోజుకే చతికిలబడింది. కారణం పెళ్లివారు. కొండ మీద పెళ్లి పెట్టుకున్నవాళ్లు మొదట ఎనిమిది గదులు అడుగుతారు. ఎంతమంది వస్తారన్నది రెండు రోజుల ముందుగానీ తేలదు. అప్పుడు ఎనిమిది అయిదవుతాయి, ఒక్కోసారి పది అవుతాయి. ఆ సిస్టమ్‌లో ఎనిమిది గదుల బుకింగ్‌లో మూడింటిని మాత్రమే వదిలే దారి లేదు. మొత్తం రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆ మధ్యలో, రద్దయిన నిమిషానికి, ఎనిమిది గదులూ ఆన్‌లైన్‌లో ఎవరికైనా దొరికేలా బయటపడతాయి. మా డైరీలో అయితే ఇది రబ్బరుతో చెరిపేసే పని.

ఇంకో మాట. ఈ రంగంలో రెండు వేర్వేరు సరుకులను ఒకే పేరుతో అమ్ముతున్నారు, మీ వ్యాసంలోనూ ఆ రెండూ కలిసిపోయాయి. ఒకటి, మన గదులను తన యాప్‌లో పెట్టి, వచ్చిన ప్రతి బుకింగ్‌పై కమీషన్ తీసుకునే ప్లాట్‌ఫామ్. రెండోది, నెల చందా తీసుకుని మన పేరు మీద, మన పేజీలో, మన ఖాతాకే డబ్బు వచ్చేలా బుకింగ్ నడిపే సాఫ్ట్‌వేర్. మొదటిది మాకు కొత్తేమీ కాదు. స్టేషను నుంచి యాత్రికులను తీసుకొచ్చిన ఆటో అబ్బాయికి గదికి ఇంత అని ఇవ్వడం మా నాన్నగారి కాలం నుంచీ ఉన్నదే. తేడా ఏమిటంటే ఆటో అబ్బాయి ఒకసారి తీసుకొచ్చిన కుటుంబం మరుసటి ఏడు నేరుగా మాకే ఫోను చేసేది; ప్లాట్‌ఫామ్ ద్వారా వచ్చిన కుటుంబం మరుసటి ఏడు కూడా ప్లాట్‌ఫామ్‌నే తెరుస్తుంది, ఎందుకంటే వాళ్ల అసలు ఫోను నంబరు చాలాసార్లు మనదాకా రాదు.

లెక్క కూడా చెబుతాను. 1,500 రూపాయల గదికి 20 శాతం కమీషన్ అంటే 300. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ అంటే మరో 54. నా చేతికి మిగిలేది 1,146. ఇందులోంచి ప్లాట్‌ఫామ్ జీఎస్టీ కింద ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే అర శాతం టీసీఎస్‌నూ, ఆదాయపు పన్ను కింద అలాగే పట్టుకునే 0.1 శాతం టీడీఎస్‌నూ తర్వాత మన ఖాతాలో జమ చూపించుకోవచ్చు గనుక వాటిని నష్టమనను. ఆ 54 మాత్రం తిరిగి రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. యాత్రికులకు అది మంచిదే. కాని ఆ 5 శాతం రేటుకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ లేదు. అంటే మేము కట్టే కమీషన్ మీదా, సాఫ్ట్‌వేర్ చందా మీదా పడే 18 శాతం ఇదివరకటిలా పన్నులో సర్దుబాటు కాదు, నేరుగా ఖర్చే. కరపత్రంలో నెలకు 1,000 రూపాయలని రాసి ఉంటే చిన్న లాడ్జివాడు దాన్ని 1,180గా చదువుకోవాలి. ఈ సంగతి నాకు మా ఆడిటరు గారు చెప్పేదాకా తెలియదు, అమ్మినవాళ్లు చెప్పలేదు.

ప్లాట్‌ఫామ్‌లను పూర్తిగా వద్దనుకోవడం కూడా తెలివితక్కువే. ఆషాఢంలో, మంగళ, బుధవారాల్లో, దూరపు ఊళ్ల నుంచి ఎన్నడూ మా పేరు వినని వాళ్లను మా గుమ్మం దాకా తెచ్చేది అవే. చూసుకోవలసింది ఒప్పందం. మన సొంత పేజీలో అంతకంటే తక్కువ రేటు పెట్టకూడదని, ఇంకెక్కడ గదులున్నా తమకూ ఇవ్వాలని రాసుకున్న షరతులుంటాయి. ఇలాంటి ధర సమానత్వ షరతుల విషయంలోనే వ్యాపారాల్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో బుకింగ్ ప్లాట్‌ఫామ్‌లైన మేక్‌మైట్రిప్–గోఐబిబోకు 223 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించి, హోటళ్లతో ఒప్పందాల్లో ఆ షరతులను సవరించాలని ఆదేశించింది. అంత పెద్ద వ్యవహారం నడిచిందని తెలిసిన లాడ్జి యజమానులు మా వీధిలో ఎంతమందో నాకు అనుమానమే. ఒప్పందం ఇంగ్లీషులో ఇరవై పేజీలుంటే, ఫోనులో కిందికి జరిపి ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేవాళ్లమే అందరమూ.

ఇక పంచాంగం. ‘డిమాండును బట్టి రేటు దానంతట అదే మారుతుంది’ అన్నది ఈ సాఫ్ట్‌వేర్లు గొప్పగా చెప్పుకునే సదుపాయం. మా లాడ్జిలో అది డిసెంబరు 31కి రేటు పెంచి, వైశాఖ శుద్ధ ఏకాదశికి, అంటే స్వామివారి కల్యాణం రోజుకు, మామూలు రేటే ఉంచింది. ఏ నెలలో ముహూర్తాలున్నాయో, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు మూఢమో ఉగాదికి కొత్త పంచాంగం చేతికి రాగానే మాకు తెలిసిపోతుంది. ఒక మధ్యాహ్నం కూర్చుని ఏడాది మొత్తానికి రేట్లు వేసేసుకోగలం. నాకు కావలసిన సదుపాయం ఆ రేట్లను తేదీలవారీగా ఒకేసారి ఎక్కించి, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకుండా తాళం వేసుకునేది. అది అన్నిటికంటే చౌక సిస్టమ్‌లో ఉంది, ఖరీదైనదాంట్లో లేదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. యూపీఐ చెల్లింపుపై వ్యాపారి నుంచి ఎండీఆర్ (చెల్లింపు నడిపినందుకు బ్యాంకులు తీసుకునే రుసుము) వసూలు చేయకూడదన్న నిబంధన 2020 జనవరి నుంచి ఉన్నా, బుకింగ్ పేజీ నడిపే కంపెనీ తన సేవకంటూ వేరే రుసుము వేసుకోవచ్చు. దాన్ని ముందే కాగితం మీద రాయించుకోవాలి. కార్డు చెల్లింపును వాపసు ఇచ్చినప్పుడు గేట్‌వే, అంటే ఆ చెల్లింపును నడిపిన కంపెనీ, పట్టుకున్న రుసుము సాధారణంగా మనకు తిరిగి రాదు. కాబట్టి ‘ఉచిత రద్దు’ అని పేజీలో పెట్టేముందు ఆ ఉచితం ఎవరి జేబులోంచి పోతోందో చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, యాత్రికుడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు తెర మీద లాడ్జి పేరే కనిపించాలి. ఎందుకంటే గత ఏడాది ఎవరో మ్యాప్‌లో మా లాడ్జి ఫోను నంబరును మార్చేసి, అడ్వాన్సు పంపమని ఇద్దరు యాత్రికుల దగ్గర డబ్బు రాబట్టారు. వాళ్లు గదికోసం వచ్చి నిలబడేదాకా మాకు ఆ సంగతే తెలియదు. వాళ్లచేత సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయించాం. తీర్థయాత్రల పేరుతో నకిలీ గది బుకింగ్‌లు జరుగుతున్నాయని 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల విభాగం దేశమంతటినీ హెచ్చరించింది. అప్పటి నుంచి మా గుమస్తా సోమవారం సోమవారం మ్యాప్‌లో మా నంబరుకు తానే ఫోను చేసి చూస్తాడు. కౌంటరు మీది ఫోను మోగితే సరి.

గుమస్తా మాట వచ్చింది గనుక చెప్పాలి. రాత్రి రెండింటికి సిస్టమ్ ముందు కూర్చునేది నేను కాదు, అతను. అతనికి తెలుగు చదవడం బాగా వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాడు. నా మొదటి సిస్టమ్‌లో ‘హోల్డ్’, ‘బ్లాక్’ అని పక్కపక్కనే రెండు బొత్తాలుండేవి. ఒకటి గదిని అతిథికోసం ఆపి ఉంచేది, రెండోది మరమ్మతుకని పక్కన పెట్టేది. ఆరు నెలల్లో ఆ రెండిటి తికమకతో మంచి గదులను ఎన్ని రాత్రులు మరమ్మతు ఖాతాలో ఖాళీగా పడుకోబెట్టామో లెక్కపెట్టే ధైర్యం నాకు లేకపోయింది. రెండోసారి, కొనేముందు నేను పక్కకు తప్పుకుని అతన్నే కూర్చోబెట్టాను. మూడు పనులు చెప్పాను: ఫోనులో వచ్చిన బుకింగ్ ఎక్కించు, ఒక గది మార్చు, ఒక అడ్వాన్సు వాపసు ఇవ్వు. ఎవరినీ అడగకుండా మూడూ చేయగలిగిన సిస్టమ్‌నే తీసుకున్నాను. కరెంటూ నెట్టూ పోయిన రాత్రి కోసం, తొమ్మిదింటికల్లా మర్నాటి జాబితా ఒక కాగితం మీద అచ్చు తీసి కౌంటరు అద్దం కింద పెడతాం.

చివరిగా, బయటికి వచ్చే దారి గురించి. మొదటి కంపెనీని వదిలేస్తామన్నప్పుడు, అన్నాళ్లూ మా దగ్గర బస చేసినవాళ్ల పేర్లూ నంబర్లూ ఎక్సెల్ ఫైలుగా ఇమ్మని అడిగాను. అది పెద్ద ప్లానులో ఉన్న సదుపాయం, ముందు ఆ ప్లానుకు మారితే ఇస్తామన్నారు. నా కౌంటరులో నా మనిషి రాసుకున్న పేర్లను నేనే తిరిగి కొనుక్కోవాలన్నమాట. మారలేదు, నల్ల డైరీ ఉంది గనుక నడిచిపోయింది. కొత్త కంపెనీతో మాట్లాడిన మొదటి రోజే, చందా సంగతి ఎత్తకముందే, రేపు నేను వెళ్లిపోతే నా జాబితా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో ఇస్తారని అడిగి, జవాబును ఈమెయిల్‌లో రాయించుకున్నాను. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆ పేర్లు నావి అనుకోవడమూ పూర్తిగా సరికాదు, అవి యాత్రికులవి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నిబంధనలూ వచ్చాయి. గుర్తింపు కోసం తీసుకున్న ఆధార్ ప్రతులను సిస్టమ్‌లోకి ఫొటో తీసి ఎక్కించమని ఒక కంపెనీ ప్రతినిధి మమ్మల్ని ఎంతో ఉత్సాహపరిచాడు. అవి ఏ కంప్యూటరులో ఉంటాయి, ఎన్నాళ్లుంటాయి, ఎవరు చూస్తారని అడిగితే, ‘క్లౌడ్‌లో సార్, చాలా సేఫ్’ అన్నాడు. ఆ జవాబుకు నేను ఎక్కించలేదు.

ప్రభుత్వానికి నా విన్నపం ఒకటుంది. రాష్ట్ర ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలు 2025 జనవరిలో మొదలైన తర్వాత, ఆలయ సేవలను ఫోనులోనే తీసుకోవడం పల్లెటూరి యాత్రికుడికి కూడా అలవాటవుతోంది. కొండ కింద లాడ్జి మాత్రం అలా ఎందుకు దొరకదని అతను అడగడం సహజం. అందుకు మాకు రాయితీలు అక్కర్లేదు. బుకింగ్ కంపెనీలు చిన్న వ్యాపారులతో చేసుకునే ఒప్పందానికి తెలుగులో రెండు పేజీల సారాంశం తప్పనిసరి చేసి, అందులో కమీషన్, పన్నుతో కలిపిన చందా, వాపసు రుసుము, జాబితా తిరిగి ఇచ్చే గడువు అనే నాలుగు అంశాలు కచ్చితంగా ఉండేలా పర్యాటక శాఖ చూస్తే చాలు. మీ పత్రిక కూడా ఈసారి ఈ అంశంపై రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలతో పాటు కౌంటరులో రాత్రి డ్యూటీ చేసేవాళ్లను కూడా ఒకసారి పలకరించాలని మనవి.

ప్రస్తుతం మా 14 గదుల్లో తొమ్మిది మా సొంత బుకింగ్ పేజీలో ఉన్నాయి. మూడు మామూలు రోజుల్లో ప్లాట్‌ఫామ్‌లో ఉంటాయి. కార్తీకంలోనూ ముహూర్తాల రోజుల్లోనూ వాటిని అక్కడి నుంచి తీసేస్తాం. కింది అంతస్తులోని రెండు గదులు మాత్రం ఏ సిస్టమ్‌లోనూ లేవు. అవి డైరీలో ‘కిం’ అన్న గుర్తు ఉన్నవాళ్లకోసం. ఇప్పటికీ పెన్సిలుతోనే రాస్తున్నాం.

భవదీయుడు,
ఒక లాడ్జి యజమాని,
అన్నవరం, కాకినాడ జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)